తొమ్మిది ఇళ్ళకీ ఒకటే తీగ

మా హార్లన్ మావయ్యని తిట్టేదాన్ని మా రోడ్డు మొత్తానికి నేనొక్కదాన్నే. మిగతా అందరికీ ఆయనంటే ప్రాణం. ఇప్పటికీ మా నెబ్రాస్కా వైపు ముసలివాళ్ళు ఇద్దరు కలిస్తే ఆయన కథ ఒకటి చెప్పుకుని పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం. ఆ వేసవంతా ఆయనతో వేగింది నేను, మీరు కాదు.

ఆ యేడు వసంతంలో గుర్రం తన్ని నాన్న కాలు విరిగింది. సాయానికి రమ్మని అమ్మ తన తమ్ముడికి కబురు పెట్టింది. అంతకుముందు మావయ్య ఏం చేసేవాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. పిడుగు పడకుండా ఇంటికప్పు మీద పెట్టే కడ్డీలు అమ్మాడని కొందరు, బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె అమ్మాడని కొందరు అనేవారు. పొలం పనికని వచ్చినవాడు పొలంలో అడుగుపెట్టింది మాత్రం తక్కువే. కోత యంత్రానికి గుర్రాలు కట్టి తోలింది నేను. పనలు నిలబెట్టి కుప్పలు వేసింది నేనూ అమ్మా. ఆయన నీళ్ళ కూజా పట్టుకొచ్చి, గట్టు మీద కూర్చుని, మిస్సోరీలో ఒక గొర్రెని జడ్జిగారికి పెంపుడు కుక్క అని చెప్పి ఎలా అంటగట్టాడో చెప్పేవాడు. అమ్మ పన చేతిలో పట్టుకునే పగలబడి నవ్వేది. నాన్న పడ్డాక అమ్మ నవ్వడం అదే మొదలు, అది ఒప్పుకోవాలి. ఒప్పుకుంటాను, కానీ నడుము విరిగింది నాది.

నాన్న నాకు ఒక మాట ఇచ్చి ఉన్నాడు. "గోధుమ తడవకుండా ఇల్లు చేరనీ, నువ్వు టీచరు ట్రైనింగుకి వెళ్దువుగాని." ఈ మాట అప్పటికి మూడోసారి. మొదటి యేడు వడగళ్ళు కొట్టాయి. రెండో యేడు నూర్పిడికి ముందు వాన పట్టుకుంది. మా పక్క పొలం హావ్లిక్ వాళ్ళ లీబుషాకి కూడా వాళ్ళ నాన్న అదే మాట ఇచ్చాడు. మేమిద్దరం ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళం. ట్రైనింగు స్కూలున్న ఊళ్ళో లీబుషా పిన్ని ఉంది. ఆవిడ ఇంట్లో మేడ మీద గదిలో ఇద్దరం ఉండాలని, కిటికీ వైపు మంచం ఎవరిదో కూడా పోట్లాడుకుని తేల్చేసుకున్నాం.

మా రోడ్డులో తొమ్మిది ఇళ్ళు. తొమ్మిదింటికీ కలిపి క్రెబ్స్ వాళ్ళ నూర్పిడి యంత్రం ఒకటే. అందరూ జట్టుగా ఇంటింటికీ తిరిగి నూర్చాలి, ఎవరి వంతు వస్తే వాళ్ళింట్లో జట్టుకి భోజనం. వంతులు ఏటేటా మారతాయి. ఆ యేడు మాది ఆఖరు వంతు, మాకు ముందు హావ్లిక్ వాళ్ళది. ఆగస్టులో ఆఖరు వంతంటే కత్తి మీద సామే. మేఘం కనబడితే చాలు, నాకు అన్నం సహించేది కాదు.

టెలిఫోను తీగ కూడా తొమ్మిది ఇళ్ళకీ ఒకటే. ఇంటికో తీరు గంట ఉన్నా, ఎవరికి మోగినా అందరిళ్ళలోనూ మోగుతుంది, అందరూ మెల్లగా రిసీవరు ఎత్తుతారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మా దగ్గర పెదవి దాటడం కూడా అక్కర్లేదు, హ్యాండిల్ తిప్పితే చాలు. మా రోడ్డులోనే ఉండే టటిల్ అత్తయ్య ఎత్తితే మాత్రం అందరికీ తెలిసిపోయేది, ఆవిడ పంజరంలో పిట్ట కూత తీగలో వినబడేది. కానీ "నేను విన్నాను" అని ఒక్కరూ ఒప్పుకోరు. అలా ఒప్పుకోవడం మా రోడ్డులో పరువు తక్కువ. మా నాన్న ఒక్కడే నిజంగా వినేవాడు కాదు, అదేదో నీచమైన పనిలా చూసేవాడు. ఇంకొకటి ఉంది. ఎదురుగా నిలబడి చెప్పిన మాటని మావాళ్ళు నాలుగుసార్లు తిరగేసి చూస్తారు గానీ, చాటుగా విన్న మాటని అక్షరం వదలకుండా నమ్ముతారు. రహస్యం చెప్పుకునేటప్పుడు ఎవడైనా అబద్ధం ఆడతాడా అని వాళ్ళ ధీమా.

మావయ్య వచ్చిన నెల్లాళ్ళకే ఈ సంగతంతా కాచి వడబోసేశాడు.

ఒక మధ్యాహ్నం నేను బఠాణీలు ఒలుస్తుంటే ఆయన టెలిఫోను తిప్పి, టౌనులో మంగలి షాపు నడిపే స్నేహితుణ్ణి పిలిపించాడు. అవతల ఆయన పలికాక కూడా కాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు, పెరట్లో ఉన్నవాళ్ళు ఇంట్లోకి రావడానికి టైము ఇస్తున్నట్టు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, ఇది నీ కడుపులో పెట్టుకో. ఒమాహా నుంచి పత్రికవాళ్ళ ఫొటోగ్రాఫరు మంగళవారం మా అక్కా వాళ్ళ పొలానికి వస్తున్నాడు. అవున్రా, నూర్పిడి ఫొటో. మొదటి పేజీలో వేస్తారట. తెల్లటి కొట్టం, వెనకాల గాలిమర కావాలన్నాడు. ఈ రోడ్డులో ఆ రెండూ కలిసి ఉన్నది మా బావకే... ఆఁ, అక్కడే వచ్చింది తంటా. మంగళవారం యంత్రం హావ్లిక్ పొలంలో ఉంటుంది. ఆయనొచ్చి మా ఖాళీ కళ్ళం చూసి పోతాడు. పోనీలే, మన రాత అంతే. ఎవరితోనూ అనకు సుమా, జనం ఎగబడతారు."

రిసీవరు పెట్టేశాడు. నేను బఠాణీల గిన్నె వదిలేసి లేచాను.

"నిజంగానా మావయ్యా? ఫొటో తీస్తారా?"

"ఇతరుల మాటలు వినకూడదు, మేనకోడలా," అని గుప్పెడు బఠాణీలు నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికల్లా నా నీలం గౌను ఇస్త్రీ అయిపోయింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సోమవారం పొద్దు వాలుతుండగా క్రెబ్స్, హావ్లిక్ బాబాయి కలిసి మా ఇంటికి వచ్చారు. నాన్న విరిగిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. క్రెబ్స్ నిలబడి టోపీ అంచు తిప్పుతున్నాడు. ఆ యేడే ఆయన నూర్పిడి యంత్రాన్ని నడిపే కొత్త ఆవిరి ఇంజను కొన్నాడు. ఇత్తడి గొట్టాలు రోజూ తుడుచుకునేవాడు.

"ఏం లేదు వెండెల్," అన్నాడు నాన్నతో. "ఇంజను అటు నుంచి వస్తుంటే మీ గేటే కదా ముందు తగిలేది. ముందు మీది కానిచ్చేద్దామా అని..."

"వంతు మటౌష్ హావ్లిక్‌ది కదా," అన్నాడు నాన్న.

"నా గోధుమ ఇంకా పచ్చిగా ఉందయ్యా," అన్నాడు హావ్లిక్ బాబాయి. "రెండ్రోజులు ఎండితే నాకే మంచిది."

నాకు ఆశ్చర్యమేసింది. ఆ పొద్దునే వాళ్ళ కంచె దగ్గర కంకి తుంచి నలిపాను. గింజ పంటి కింద పటుక్కుమంది. పచ్చిదనం లేదు, పాడూ లేదు. కానీ గడ్డివామి వేయడంలో ఆ చుట్టుపక్కల హావ్లిక్ బాబాయి తర్వాతే ఎవరైనా. ఆయన వేసిన వామి మీంచి వాన నీళ్ళు జారిపోవాల్సిందే గానీ లోపలికి దిగవు. ఆ వామి మీద ఆయన, పక్కన కొత్త ఇంజనుతో క్రెబ్స్, పత్రిక మొదటి పేజీలో. ఇద్దరి కళ్ళలోనూ అదే కనబడుతోంది, ఒక్కరూ పైకి అనడం లేదు.

"వద్దొద్దు," అంటూ మావయ్య అడ్డం వచ్చాడు. "వంతంటే వంతే. పెద్దమనుషులు పెట్టుకున్న కట్టుబాటు. మాకోసం మీరు తప్పడం ఏం బాగుంటుంది?"

"అబ్బ, నేనే ఇస్తున్నాగా హార్లన్!" అని హావ్లిక్ బాబాయి బతిమాలాడు. నిజం, బతిమాలాడు. చివరికి మావయ్య పెద్ద మనసు చేసుకున్నట్టు ఒప్పుకుని, ఆయన భుజం మీద చెయ్యేసి గేటుదాకా వెళ్ళి సాగనంపి వచ్చాడు.

మంగళవారం తెల్లారేసరికి జట్టంతా దిగింది. నూర్పిడికి ఎవరైనా చిరుగుల చొక్కా వేసుకొస్తారు. ఆ రోజు గంజి పెట్టిన చొక్కాలే అన్నీ. మీసాలకి మైనం. ఒకడు మెడకి టై కట్టుకుని పంగలకర్రతో పనలు విసురుతున్నాడు, ధూళికి గంటలో అది తాడులా తయారైంది. "వంటకి సాయం చేద్దామనీ" అంటూ టటిల్ అత్తయ్య ఈకల టోపీ పెట్టుకుని వచ్చింది, ఆ టోపీ తియ్యకుండానే కోళ్ళు వేయించింది. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా అందరి తలలూ ఒక్కసారి అటు తిరిగేవి. హావ్లిక్ బాబాయైతే వామి మీద పంగలకర్ర నిలబెట్టి, ఛాతీ విరుచుకుని అలాగే ఉండిపోయేవాడు.

"ఏంటి మటౌష్, మెడ పట్టేసిందా? అస్తమానం రోడ్డు వైపే తిప్పుతున్నావ్," అన్నాడు మావయ్య భోజనాల దగ్గర, ఆపిల్ పై ఇంకో ముక్క వడ్డించుకుంటూ.

"గాలి ఎటు వీస్తోందో చూస్తున్నానయ్యా," అన్నాడు బాబాయి.

ఎవరూ రాలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఎలా అడుగుతారు? దొంగకి తేలు కుట్టినట్టు అందరూ నోరు మూసుకుని, చెమటలు కక్కుతూ మా గోధుమ నూర్చి పెట్టారు. సాయంత్రం జట్టు వెళ్ళాక మావయ్యని నిలదీశాను.

"ఫొటోగ్రాఫరు ఏడీ?"

"ఏ ఫొటోగ్రాఫరు?"

"మావయ్యా!"

"ఓహో, నువ్వు కూడా విన్నావా? తప్పు కాదుటే?" అని నవ్వాడు. "నీ గోధుమ ముందు కొట్లో పడుతోందా లేదా? టీచరమ్మా, పెట్టె సర్దుకో."

నాకూ నవ్వొచ్చింది. ఎందుకు దాచడం, ఆ పూట నవ్వాను. బుధవారం సాయంత్రానికి మా ఆఖరి పన కూడా నూర్చేశారు.

గురువారం పొద్దున యంత్రం మా గేటు దాటి హావ్లిక్ పొలం వైపు తిరిగిందో లేదో, పడమటి ఆకాశం నల్లబడింది. ఇంజను వాళ్ళ గేటు దాకా కూడా పోలేదు, బురదలో దిగబడింది. ఆ వాన వారం దాటినా వదల్లేదు. మధ్యలో ఒక పూట ఎండ వచ్చి, వేడికి ఆవిరి లేచి, మళ్ళీ కురిసింది. వాన వెలిశాక నేను కంచె దగ్గరికి వెళ్ళి చూశాను. హావ్లిక్ వాళ్ళ కుప్పలన్నీ పైనంతా పచ్చగా మొలకెత్తి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే చాలా అందంగా ఉన్నాయి, కళ్ళు తిప్పుకున్నాను.

ఇంటికొచ్చి మావయ్య మీద విరుచుకుపడ్డాను.

"వాడేం చేశాడే?" అంది అమ్మ. "వాన వాడు కురిపించాడా?"

"వంతు మటౌష్ చేజేతులా ఇచ్చాడు," అన్నాడు నాన్న.

"ఎందుకిచ్చాడో తెలుసా నాన్నా నీకు?" అని మొత్తం చెప్పాను. టెలిఫోను, మంగలి షాపు, తెల్ల కొట్టం, అన్నీ. నాన్న మొహం మాడిపోయింది.

"నిజమా హార్లన్?"

"బావా, నేను నా స్నేహితుడితో పరాచికాలాడుకున్నాను. అది ఎవరో చాటుగా విని నమ్మితే తప్పు నాదా?" మావయ్య మొహంలో బెరుకు ఇసుమంతైనా లేదు. "పైగా దీని చదువు కోసమే కదా చేసింది!"

ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాన్న కాలు నిమురుకున్నాడు. "ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పను?" అన్నాడు చివరికి. "మీరు చాటుగా విని మోసపోయారు, క్షమించండి అనా? మటౌష్ మొహం మీద ఉమ్మేసినట్టు ఉంటుంది."

నాన్న వెళ్ళకపోతే నేనే వెళ్ళాను. హావ్లిక్ బాబాయి తడిసిన పనలు విప్పి, బాగున్న కంకులేమైనా ఉన్నాయా అని ఏరుతున్నాడు.

"బాబాయ్, ఆ ఫొటో సంగతి..."

"ఏ ఫొటో?" ఆయన మెడ ఎర్రబడింది. తల ఎత్తలేదు.

"మా గోధుమలో కొంత మీరు తీసుకుంటే..."

అప్పుడు ఎత్తాడు. "మటౌష్ హావ్లిక్ ఇంకా చెయ్యి చాచే స్థితికి రాలేదమ్మా. నా గోధుమ పచ్చిగా ఉండింది. వంతు నేనే వదులుకున్నాను. అంతే. మీ నాన్న కాలు ఎలా ఉందని అడిగానని చెప్పు."

లీబుషా నన్ను కంచె దాకా దిగబెట్టింది. "ఆయన్ని ఇంకా ఎందుకే సిగ్గుపెడతావ్?" అంది.

"మరి నీ సంగతి?"

"నాదేముంది. శీతాకాలం తిండికే సరిపోదు, ఇంక చదువెక్కడ? నువ్వెళ్ళు. మా పిన్నికి చెప్తాను, గది నీకిస్తుంది." వెనక్కి తిరుగుతూ, "కిటికీ వైపు మంచం నీదే పో," అంది.

ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. ఆ మంచం మీద ఒక్క రాత్రయినా నాకు నిద్ర పడుతుందా? ఎవర్ని తిట్టాలో కూడా తెలియడం లేదు. మావయ్యని తిడితే నవ్వుతాడు. అమ్మ వాణ్ణేమీ అనకు అంటుంది. ఊళ్ళోవాళ్ళని తిడదామంటే, వాళ్ళు ఏమీ వినలేదు! ఇంత అన్యాయం జరిగింది, ఒక్కరంటే ఒక్కరు జరిగిందని ఒప్పుకోరు. గోడకి తల బాదుకోవాలనిపించింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరూ ఇళ్ళలో ఉండే వేళ. నాన్న బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అమ్మ బంగాళాదుంపలు వారుస్తోంది. మావయ్య గుమ్మానికి ఆనుకుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. నేను లేచి వెళ్ళి హ్యాండిల్ పట్టుకుని హావ్లిక్ వాళ్ళ గంట తిప్పాను. ఒకటి పొడుగు, మూడు పొట్టి.

లీబుషా ఎత్తింది. నేను వెంటనే మాట్లాడలేదు. కోళ్ళ గురించి అడిగాను. వాళ్ళ అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగాను. ఒక్కొక్క రిసీవరు లేస్తోంది, లేచేకొద్దీ తీగలో గొంతు సన్నబడుతోంది. టటిల్ అత్తయ్య పిట్ట కూసింది. ఇంక ఫరవాలేదనుకున్నాను.

"లీబుషా, మీ నాన్నని అడిగి చెప్పవే. మా నాన్న కనుక్కోమన్నాడు. మీ వాటా గోధుమ బండి ఎప్పుడు తోలమంటారు?"

"మా వాటానా?"

"అదేనే, ఆ సోమవారం వంతులు మార్చుకున్నప్పుడు అనుకున్నారు కదా. ఎవరిది ముందు నూర్చినా, వాన పడి రెండో వాళ్ళది పోతే చెరి సగం అని. వానలు తగ్గాక తోలుదామని నాన్న ఇన్నాళ్ళూ ఆగాడు. రోడ్డు ఆరింది. ఇంకా ఆలస్యం చేస్తే ఇచ్చిన మాట తప్పాడంటారని ఆయన తిండి కూడా తినడం లేదు."

 ఎవరో బరువుగా ఊపిరి తీయడం వినబడింది. అది లీబుషాది కాదు, మగవాళ్ళ ఊపిరి. నా గొంతు తడబడలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

"నువ్వు..." అంది లీబుషా. "రేపు తోలమను. మధ్యాహ్నం నాన్న ఇంట్లోనే ఉంటాడు."

రిసీవరు పెట్టి వెనక్కి తిరిగాను. అమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"ఆ ఒప్పందం నేనెప్పుడు చేశాను?" అన్నాడు నాన్న.

"సోమవారం."

"నేను చేశానా?"

"నువ్వే చేశావు నాన్నా. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ విన్నారు."

నాన్న నన్ను చూశాడు. సగం గోధుమ పోతే నా చదువు పోతుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.  "బండి ఇరుసుకి కాస్త నూనె వెయ్యి," అన్నాడు.

మావయ్య చేతిలో పుల్ల కింద పడేసి చప్పట్లు కొట్టాడు. "చూశావా అక్కా! చూశావా! ఇది మన రక్తమే! నేను కూడా ఇంత నున్నగా చెప్పలేను!" అంటూ పొంగిపోయాడు. చేతిలో అట్లకాడ ఉంటే ఆయన నెత్తిన వేసేదాన్ని.

మా సగానికి తాము ఏరుకున్న గింజలు కలిపి హావ్లిక్ వాళ్ళు గట్టెక్కారు; లీబుషా ట్రైనింగుకి వెళ్ళే రోజు మేమంతా రైలు స్టేషనుకి వెళ్ళాం. ఆ వారమంతా మా రోడ్డులో ఒకటే మాట, పంపకం ఒప్పందం గురించి. ఫలానా చోట విన్నామని ఎవరూ అనరు, కానీ అందరికీ తెలుసు. ఆ సోమవారం మా ఇంట్లో మాట్లాడిందల్లా మావయ్యే కాబట్టి, హావ్లిక్‌ని గేటు దాకా సాగనంపిందీ ఆయనే కాబట్టి, ఆ తెలివైన ఒప్పందం కూడా ఆయనదే అని తేల్చేశారు. బాబాయికి నిజం తెలుసు. కానీ ఆయన కాదంటే ఏమని కాదంటాడు? గోధుమ బస్తాలు అప్పటికే ఆయన కొట్లో ఉన్నాయి.

ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ హావ్లిక్ బాబాయి మావయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. "మాటకి కట్టుబడ్డావయ్యా హార్లన్."

మావయ్య టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "నోటి మాటకి విలువ లేకపోతే ఇంక మనిషెందుకు మటౌష్?"

టటిల్ అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. "అలాంటి మేనమామ దొరకడం నీ అదృష్టం పిల్లా," అంది నాతో. కాదంటే నిజం చెప్పాలి. నిజం చెప్తే ఆ బస్తాలు మళ్ళీ మా కొట్లోకి వస్తాయి. "అవునత్తయ్యా," అన్నాను.

లీబుషా పెట్టె ఎక్కించి కిటికీ దగ్గర కూర్చుంది. గట్టిగా నా చెయ్యి పట్టుకుంది. చుట్టూ మా రోడ్డు జనమంతా చెవులు రిక్కించుకుని ఉన్నారు. ఏదో చెప్పబోయి, వాళ్ళని చూసి, గొంతు మార్చుకుంది.

"మీ మావయ్యకి నా తరఫున థాంక్స్ చెప్పవే," అంది.

"చెప్తాలే," అన్నాను.

రైలు కదిలింది. ఆ తర్వాత మావయ్య చాలా యేళ్ళు బతికాడు. ఏటా వచ్చి మా వంటింట్లో కూర్చుని భోజనం చేసి వెళ్ళేవాడు. ఆ థాంక్స్ మాత్రం నేను చెప్పలేదు.